కోడి పొడిచిన రొట్టె

పోయినవారం స్వర్ణను మనం చర్చి గేటు దగ్గర వదిలేశాం. చేతిలో తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె, లోపల కోతల పండగ పాటలు, కాళ్లేమో ముందుకీ పడవు, వెనక్కీ తిరగవు. పాపం, వారంరోజులూ అలాగే నిలబెట్టేశాం ఆ మనిషిని.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆమదాలవలసలో స్టేషనుకు వెళ్లే దారిలో స్వర్ణకి చిన్న బేకరీ ఉంది. భర్త విక్టర్ విశాఖలో పని నేర్చుకుని వచ్చి పెట్టిన కొట్టు. అతను పోయాక ఆ పొయ్యి ఆరనివ్వకుండా ఆవిడే నడుపుకుంటోంది. కిందటి క్రిస్మస్‌కి పేట చర్చి సంఘం మొత్తానికీ కేకులు చేసే పని ఆవిడకి అప్పగించారు. సంతోషం పట్టలేక, ఎప్పుడూ చెయ్యనిది, ఉద్దానం పచ్చికొబ్బరి తురిమి కేకుల్లో కలిపింది. మన కొబ్బరి రుచి మనకి కాకపోతే ఎవరికి అనుకుంది. ఇల్లిల్లూ తిరిగి కేరల్స్ పాటలు పాడే కుర్రాళ్లు ఆటో తెచ్చి ఒకటే హారన్ కొడుతుంటే, చల్లారనివ్వకుండా వేడివేడిగానే కవర్లలో పెట్టి మూతులు కట్టేసింది. తెల్లారేసరికి కొబ్బరి లోలోపల పులిసిపోయింది. ఆరాధన అయ్యాక కేకులు పంచారు. సాయంత్రానికి సగం పేట మంచాలెక్కింది. లీలారాణి కూతురికి సెలైన్ ఎక్కించారు. ముసలి గున్నమ్మ ఆస్పత్రిలో రోజుల తరబడి ఉండి, చివరికి ఎలాగో బతికి బయటపడింది.

తప్పు స్వర్ణదే. ఆవిడ కాదనలేదు. గడపగడపకీ వెళ్లి, తప్పయిపోయిందని చేతులు పట్టుకుంది. క్షమించామని అందరూ అన్నారు. అన్నారు గానీ, ఆ తర్వాత ఒక్కరు కూడా ఆవిడ చేతిది తినలేదు. ఆదివారం వందనాలు చెబుతారు, పక్కన కూర్చుని ప్రార్థన చేస్తారు, బన్ను ఇస్తే మాత్రం "ఇప్పుడే టిఫినయినాదమ్మా" అంటారు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవడికి కడుపునొప్పి వచ్చినా "స్వర్ణక్క కేకు తిన్నావేట్రా" అని జోకు. ఆ గ్రూపులో ఆవిడా ఉందన్న సంగతి వాళ్లకి గుర్తుండదు. స్టేషను దగ్గర టీకొట్ల వాళ్లు ఆవిడ బన్నులు తీసుకుంటారు, రైలు దిగినవాళ్లు తింటారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు తింటున్నారు కాబట్టి ఇన్నాళ్లూ కొట్టు నిలిచింది.

ఈ ఏడు క్రిస్మస్ కేకుల సంగతి వచ్చే ఆదివారం సంఘ పెద్దలు తేలుస్తామన్నారు. పేట మళ్లీ తన చేతిది తినాలి, అదొక్కటే స్వర్ణ ఆశ. తినకపోతే కొట్టుకి తాళం వేసి, విశాఖలో ఎవరి బేకరీలోనో కూలికి చేరాలి. అందుకని ఆ తెల్లవారుజామున లేచి, పైన జడలా అల్లిన పెద్ద రొట్టె ఒకటి కాల్చి, పండగ కానుకగా తెచ్చింది.

సరే, గేటు దగ్గరి మనిషి లోపలికి నడిచింది.

ఆరాధన అయిపోయింది. చర్చి ఆవరణలో షామియానా కింద బల్లలు వేసి, చర్చి ఖర్చులకని వేలం వెయ్యడానికి కానుకలన్నీ పరిచారు. కొత్త వరి వెన్నులు, గుమ్మడికాయలు, కందదుంపలు, అరటిగెలలు, కొబ్బరికాయలు, ఆడవాళ్లు రోజూ వంటకి ముందు పిడికెడు చొప్పున తీసి దాచిన బియ్యం. వేలం పాడిస్తున్నది సత్యం. సంఘ పెద్ద, లీలారాణి మొగుడు. ఇంట్లో నోరెత్తడని పేరు గానీ, మైకు చేతికిస్తే ఆయనకి అడ్డూ ఆపూ ఉండదు.

"ఒలమ్మలారా, ఈ గుమ్మిడికాయ సూడండి. మా బావ జగన్నాధం పొట్టలాగ నిగనిగలాడతన్నాది. బావా, నీ పొట్ట నువ్వే పాడుకోవాలి, మరొకరి పాలు సెయ్యకు!"

జగన్నాధం నవ్వుతూ పాడుకున్నాడు. గంగులు తెచ్చిన డేగపుంజు కోసం కుర్రాళ్లు పోటీపడితే, అందరినీ దాటి గున్నమ్మ పాట పెంచేసింది. "ముసిల్దానివి, పందేలకెళ్తావేటే మామ్మా" అని ఏడిపించారు. "నన్ను తెల్లారగట్ట లేపీవోలు నేరర్రా. అదైనా లేపుతాది" అంది. పుంజుని బల్ల కాలికి తాడుతో కట్టి, పక్కనే నేలమీద కూర్చుంది.

అప్పుడు సత్యం తెల్లగుడ్డ విప్పాడు. రొట్టె ఎర్రగా, నిండుగా ఉంది. ఆయన గొంతులో హుషారు చప్పున తగ్గింది.

"స్వర్ణమ్మ తెచ్చిన రొట్టి. పాట మొదలెట్టండి."

ఎవరూ మొదలెట్టలేదు. ఇంతసేపూ సందడిగా ఉన్న షామియానాలో ఫ్యాను చప్పుడు వినిపించింది. కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఒక తల్లి కదలని పిల్లని కదలొద్దని కసిరింది. సత్యం మళ్లీ అడిగాడు, గొంతు సవరించుకుని ఇంకోసారి అడిగాడు. కోతల పండగలో పాట రాని కానుక అంటూ ఆ సంఘంలో అంతవరకూ లేదు. ఒక ఏడు సగం కుళ్లిన కందదుంప కూడా నవ్వుల మధ్య అమ్ముడుపోయింది. దేవుడికిచ్చింది తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు, ఇచ్చినవాళ్లే పాడుకోనూ కూడదు. అందుకని ఆ రొట్టెకి ఇప్పుడు ఎక్కడా చోటు లేదు. పాస్టరుగారు జేబులో చెయ్యి పెట్టారు. స్వర్ణ ఆయన్ని చూసి వద్దన్నట్టు తలూపింది. జాలితో పాడితే అంతకన్నా అవమానం లేదనిపించింది.

సత్యం ఏం చెయ్యాలో తోచక రొట్టెని బల్లకింద పీటమీద పెట్టి, "తరవాత సూద్దాం" అని అరటిగెల అందుకున్నాడు. కింద పుంజుంది కదా. అది మెడ చాచి, ఇటూ అటూ చూసి, జడ మధ్యన టక్కున పొడిచింది. బాగున్నట్టుంది, మళ్లీ పొడిచింది.

షామియానా గొల్లుమంది.

"పుంజు పాడుకున్నాదిరా రొట్టి!"

"ఉంటాదో పోతాదో సూడండర్రా!"

స్వర్ణ మొహం వేడెక్కింది. లేచి వెళ్లిపోదామనుకుంది. వెళ్లిపోతే ఈ నవ్వు గేటుదాకా వెంటపడి వస్తుందని తెలుసు. అందుకని నవ్వేసింది. నవ్వి, అందరికీ వినబడేట్టు అంది, "సూడండి, బాగా సూడండి. రేపు తెల్లారగట్ట అది కూసినాదంటే నా రొట్టి మంచిదన్నట్టే!"

ఆ మాటకి కొందరు మనస్ఫూర్తిగా నవ్వారు. నవ్వారే గానీ పాట మాత్రం ఎవరూ పాడలేదు.

గున్నమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"నవ్వింది సాల్లెండి. ఒరే సత్యం, నా పసువు నీ సేలో పడి మేసినాదనుకో. తప్పెవరు కట్టాల?"

"నువ్వే కట్టాల మామ్మా."

"ఈ పుంజు ఎవరిది?"

"నీదే గదా. ఇందాక పాడుకున్నావు."

"నా పుంజు దేవుడి రొట్టి తిన్నాది. తప్పు నానే కట్టాల. కట్టినాక మిగిలింది నాదే. పాట ముగించు." రొంటిన దోపుకున్న చిన్న సంచి తీసి, అందులో ఉన్నదంతా బల్లమీద కుమ్మరించింది.

సత్యం బతికానురా దేవుడా అనుకుని ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గబగబా అనేశాడు. ఆ మూడుసార్ల మధ్య ఒక్కడూ నవ్వలేదు. కిందటి క్రిస్మస్‌కి అందరికన్నా ఎక్కువ బాధపడింది ఆ ముసలిదే మరి.

భోజనాలకి లేచారు. స్వర్ణ విస్తరి ముందు కూర్చుంది గానీ సగంలోనే లేచింది. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే, లీలారాణి వెనకే వచ్చింది.

"సిగ్గెయ్యదేటి స్వర్ణా నీకు?"

స్వర్ణ కుళాయి కట్టేసింది.

"గున్నమ్మ జాలిపడి తీసుకున్నాది. దానికే మురిసిపోకు. నా పిల్ల సేతికి సూది గుచ్చుతుంటే నానే పట్టుకున్నాను. ఎంత సెయ్యి అది! నరం దొరక్క మళ్లీమళ్లీ గుచ్చినారు. నువ్వొచ్చి తప్పయినాది వదినా అన్నావు, సరేనన్నాను. పోనీలే, మరిసిపోదామనుకుంటే నువ్వు మరవనివ్వవు. ఆదివారమొస్తే ఏదో ఒకటి సేసి అట్టుకొస్తావు. అదేటంటే ఆశంటావు. నానైతే మొండితనమంటాను."

లీలారాణి కోపం అబద్ధపు కోపమైతే సగం బాధ తగ్గేది. ఆ చిన్న చెయ్యి స్వర్ణకి కూడా గుర్తే, ఆస్పత్రి కిటికీలోంచి చూసింది.

"సిగ్గు నేకేటి వదినా," అంది నెమ్మదిగా. "సిగ్గుతోటే పొద్దున్నే నెగుస్తన్నాను. సిగ్గుతోటే పిండి కలుపుతన్నాను. మానేసి ఇంట్లో కూకుంటే పోతాదేటి? నాతోపాటు అదీ కూకుంటాది. పని సేస్తన్నంతసేపే కాస్త దూరంగా ఉంటాది."

లీలారాణి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, స్వర్ణ మొహం చూడకుండా చెప్పింది.

"వచ్చే ఆదివారం దాకా సూడక్కర్నేదు. పెద్దలు నిన్ననే తేల్చేసినారు. ఈసారి కేకులు శ్రీకాకుళం నుంచి తెప్పిస్తారట. నీకు సెప్పడానికి మా ఆయనకి నోరు రానేదు. నాను సెప్పేసినాను. తిట్టుకుంటే నన్నే తిట్టుకో."

ఆవిడ వెళ్లిపోయింది. స్వర్ణ మళ్లీ కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. అంటే తెల్లవారుజామున తను పిండి పిసుకుతున్నప్పటికే అంతా అయిపోయింది. జడ అల్లుతూ, ఇది చూస్తే ఎవరికైనా నోరూరుతుంది అనుకుంటూ తనలో తను పాడుకుంది కూడా. ఆ పాట గుర్తొస్తే ఇప్పుడు ఏడుపొచ్చింది.

"ఇటు రాయే," అని చర్చి వెనకనుంచి పిలుపు.

బాదంచెట్టు నీడలో గున్నమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒక పక్కన పుంజు, ఒళ్లో రొట్టె. స్వర్ణని కూకోమంది. పుంజు పొడిచినచోట తుంచి పారేసి, ఈ చివర ఓ పెద్ద ముక్క విరిచి అందించింది.

"తిను."

"నువ్వు పాడుకున్నది మామ్మా. నువ్వు తిను."

"నాను తినీది తరవాత. ఒక మాటడుగుతాను, అబద్దమాడకు. కిందటి క్రిస్మస్ కాణ్ణుంచి నీ సేతి రొట్టి నువ్వు తిన్నావేటి?"

స్వర్ణ ముక్క అందుకుని దానివైపు చూసింది.

రోజూ తెల్లవారుజామునే లేస్తుంది. పిండి కలుపుతుంది, పొంగనిస్తుంది, కాలుస్తుంది. ఇప్పుడు చల్లారేదాకా ముట్టుకోదు, వాసన చూస్తుంది, వేలితో తట్టి చూస్తుంది, మళ్లీ వాసన చూస్తుంది. టీకొట్లకి పంపేస్తుంది. తర్వాత ఇంత గంజన్నం, పచ్చడి వేసుకుని కడుపు నింపుకుంటుంది. పొద్దస్తమానం ఆ వాసనలోనే ఉంటే తినబుద్ధి కాదని తనకి తను చెప్పుకుంది. విక్టర్ ఉన్నప్పుడు పొయ్యిలోంచి తీసిన మొదటి బన్ను ఇద్దరూ చెరిసగం తినేవాళ్లు, అప్పుడు ఈ వాసన ఏమీ అడ్డు రాలేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ తలుచుకోలేదు. పేట తన చేతిని వెలేసిందని దిండు తడిసేలా ఏడ్చింది గానీ, మొదట వెలేసింది తనే.

"నేదు మామ్మా," అంది.

"నానెరుగుదును. నువ్వు మాకిచ్చేటప్పుడు నీ సెయ్యి వణుకుతాది. నీకే బయ్యమైతే మేమెలాగ తింతామే?" గున్నమ్మ గొంతులో కోపం లేదు. "మా అమ్మ సేతి మంచినీళ్లు ఊరోళ్లు తాగీవోరు కాదు. ఏ తప్పు సేసినాదని? ఏ తప్పూ నేదు. అయినా సరే, అది పొద్దల్లా పని సేసొచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని కడుపారా తాగీది. నా సెయ్యి నాకు సల్లగా ఉందే అనీది. నువ్వు తప్పు సేసినావు, ఒప్పుకున్నావు, అయిపోనాది. ఇంక నీ సెయ్యి నువ్వు ఎలేసుకోకు. తిను."

స్వర్ణ ముక్క నోట్లో పెట్టుకుంది. మొదట ఏ రుచీ తెలియలేదు. నమిలేకొద్దీ గోధుమ తీపి, అంచు దగ్గర కాస్త ఉప్పన. బాగుంది. నిజంగానే బాగుంది. ఏడాదిగా ఎవరైనా ఆ మాట అంటారేమో అని ఎదురుచూసింది, చివరికి తన నాలుకే చెప్పింది. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోకుండా ముక్కంతా తినేసింది.

"ఇప్పుడు నువ్వు," అంది.

"నానిప్పుడు తినను." గున్నమ్మ మిగిలిన రొట్టెని తువ్వాల్లో మూట కట్టింది. "నాకూ బయ్యమేనే. కిందటిసారి దేవుడి గుమ్మందాకా ఎళ్లొచ్చినాను, మరిసిపోనాననుకున్నావేటి? రేపు పొద్దున్న నువ్వు బాగుంటే వచ్చి నా గుమ్మంలో నిలబడు. 'నానొచ్చినాను, బాగున్నాను' అను. నిన్ను సూసి అప్పుడు తింతాను."

స్వర్ణకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇప్పుడే టిఫినయిందనే అబద్ధాలు విని విని ఉన్న మనిషికి, భయమే అని మొహంమీదే చెప్పిన ఆ మాట ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం కొట్టు షట్టరు సగం దించి ఒక్కతే కూర్చుంది. ఆదివారం కాబట్టి బేరాల్లేవు. స్టేషనులో రైలు ఆగింది, కదిలింది. ఎవరెవరో దిగి, బ్యాగులు మోసుకుంటూ కొట్టు ముందునుంచి వెళ్లారు. అందరికీ వెళ్లడానికో ఇల్లు, ఇంట్లో ఎదురుచూసే మనిషి. స్వర్ణ అప్పుడప్పుడూ కడుపుమీద చెయ్యి వేసి చూసుకుంది. ఏమీ లేదు. ఎలా ఉందని అడిగేవాళ్లుంటే బాగున్నానని చెప్పేది. విక్టర్ ఫోటో వైపు చూసి, "బాగానే ఉన్నాదయ్యా," అంది పైకే. కేకుల పని పోయింది, నిజమే. అయినా తనమీద నమ్మకం తనకి ఇన్నాళ్లకి తిరిగొచ్చింది, రేపు ఇంకో మనిషి తినబోతోంది. ఒక్క మనిషి చాలు, ఒక్కరితో మొదలవని పని ఏముంది! టీ పెట్టుకుని, మిగిలిన బన్ను ఒకటి ముంచుకుని తింది.

పొద్దున్న లేచేసరికి ఆకలేసింది. ఎన్నాళ్లకో వేసిన ఆకలి. పొయ్యిలోంచి తీసిన మొదటి బన్ను చల్లారనిచ్చి, సగం తినేసి, మిగతా సగం గున్నమ్మ కోసం కాగితంలో చుట్టుకుని బయల్దేరింది. మొహం కడిగి బుటాల చీర కట్టుకుంది. పేట సందులో ఎదురైన వాళ్లందరికీ తనే ముందుగా వందనాలు చెప్పింది. గుమ్మంలో ఎలా నిలబడాలో, ఆ మాట ఎంత గట్టిగా అనాలో దారంతా అనుకుంటూ నడిచింది.

మలుపు తిరిగేసరికి గున్నమ్మ ఇంటిముందు జనం.

స్వర్ణ నడక మందగించింది. నిన్న పుంజు తెచ్చిన గంగులు తలకాయ పట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు. సత్యం ఎవరికో ఫోనులో దారి చెబుతున్నాడు. గుమ్మంలోంచి లీలారాణి బయటికొచ్చింది. చేతిలో తువ్వాలు, తువ్వాల్లో రొట్టె. నిన్న మూట కట్టినంత లేదు. సగానికి సగం తగ్గిపోయింది.

"ఇది నీ రొట్టే గదా?" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "రేత్రే తినేసినాది కాబోలు, మంచం పక్కనే ఉన్నాది. తెల్లారినకాణ్ణుంచి లేపుతన్నాం స్వర్ణా. ఊపిరి ఆడతన్నాది గానీ కళ్లు తెరవడం నేదు. నూటెనిమిదికి ఫోన్ సేసినాం."

పొద్దుటిదాకా ఆగుతానన్న మనిషి ఆగలేదు. సాక్ష్యం లేకుండానే తినేసింది. ఏడాదిగా స్వర్ణ ఎవరినుంచీ పొందని నమ్మకం అది, దాన్ని పట్టుకుని సంతోషపడేందుకు క్షణం కూడా లేకుండా పోయింది. అదే రొట్టె నేనూ తిన్నాను అని చెబుదామనుకుంది. ఎవరు నమ్ముతారు? బాదంచెట్టు కింద తను తినడం చూసిన ఒక్క మనిషీ లోపల కళ్లు మూసుకుని ఉంది. అరుగు పక్కన పుంజు రెక్కలు టపటపా కొట్టుకుని గట్టిగా కూసింది. దానివైపు ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. అందరూ స్వర్ణనే చూస్తున్నారు.

వెనక స్టేషనుకు వెళ్లే సందు ఖాళీగా ఉంది. వెళ్లిపోతే ఆపేవాళ్లు లేరు. విశాఖ బండి వచ్చే వేళ కూడా అయింది.

స్వర్ణ ముందుకి నడిచింది. జనం పక్కకి జరిగారు. మెట్లెక్కి, లీలారాణి చేతిలోని రొట్టెని రెండు చేతులా అందుకుంది. ఓ ముక్క విరిచింది. ఈసారి చెయ్యి వణకలేదు. అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, తల వంచి ఆ చిన్న గుమ్మంలో నిలబడింది.

"మామ్మా," అని పిలిచింది. "నానొచ్చినాను. ఇదిగో సూడు, బాగున్నాను."